జూ పాస్ తీసేసుకున్నారు

రాత్రి పదిన్నర దాటింది. లైటు ఆర్పేయమని రెండుసార్లు కేకేశాను, చప్పుడు లేదు. మూడోసారి గదిలోకి వెళ్తే మా అమ్మాయి మంచం మీద మఠం వేసుకుని కూర్చుని ఉంది, పుస్తకం ఒళ్లో బోర్లించి ఉంది. నన్ను చూడగానే అడిగింది: "అమ్మా, జూకి వెళ్లే పాస్ తీసేసుకుంటే ఎవరైనా చచ్చిపోతారా?"

దానికి తొమ్మిదేళ్లు. చదువుతున్నది జుడిత్ కెర్ రాసిన 'వెన్ హిట్లర్ స్టోల్ పింక్ రాబిట్'. కొనిచ్చింది నేనే, ఇచ్చేముందు నేను చదివాను కూడా. అయినా ఆ ప్రశ్న వస్తుందని అనుకోలేదు. పక్కన కూర్చున్నాను గానీ వెంటనే నోట మాట రాలేదు.

ఆ కథలో జూలియస్ అని ఒకాయన ఉంటాడు. అన్నా అనే తొమ్మిదేళ్ల పాప వాళ్ల నాన్నకి స్నేహితుడు, పిల్లలకి మామయ్య లాంటివాడు, బెర్లిన్‌లో నేచురల్ హిస్టరీ మ్యూజియంలో పని. జంతువులంటే ప్రాణం. ఈ హిట్లర్ గోల ఎన్నాళ్లో ఉండదులే, మీరు అనవసరంగా భయపడుతున్నారు అని అన్నా వాళ్ల నాన్నతో అనేవాడు. వీళ్లు దేశం దాటేశారు, ఆయన ఉండిపోయాడు. నానమ్మో అమ్మమ్మో ఒకరు యూదురాలు, అదే ఆయన నేరం. ఉద్యోగం తీసేశారు, ఓర్చుకున్నాడు. చివరికి జూకి వెళ్లే పాస్ కూడా లాగేసుకున్నారు. ఆయన ప్రాణం తీసుకున్నాడు. రచయిత్రి అక్కడ ఉపన్యాసం ఇవ్వలేదు, ఏడిపించడానికి గొంతు పెంచలేదు, అన్నా ఎంత విన్నదో మనకీ అంతే చెప్పి వదిలేసింది.

నేను దగ్గరికి తీసుకుని, పాస్ ఒక్కటే కాదు నాన్నా, ముందు అన్నీ లాగేసుకున్నారు, ఆయనకి మిగిలింది అదొక్కటే, అన్నాను. కాసేపు ఆలోచించి, "అయితే అక్కడ కోతులు ఆయన రాలేదేంటని చూసి ఉంటాయి" అంది. తర్వాత పడుకుంది. నాకే నిద్ర పట్టలేదు.

ఆ రాత్రి నుంచి దీని గురించి రాయాలనుకుంటున్నాను. యుద్ధం, యూదుల వేట, క్యాంపులు, ఇవన్నీ పిల్లల పుస్తకాల్లో ఎందుకు, పాపం చిన్న మనసులు కదా అని మా ఆడపడుచు అడిగింది, తోటి తల్లులు ఇద్దరు ముగ్గురు కూడా అడిగారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. కానీ ఈ ఏడాదంతా వరసగా ఇవే చదివాక నాకు తెలిసింది ఏంటంటే, భయపడాల్సింది నిజం చెప్పే పుస్తకాల గురించి కాదు. అక్కడికే వస్తాను.

జుడిత్ కెర్ కథ చాలావరకు తన సొంత కథే. 1923లో బెర్లిన్‌లో పుట్టింది. వాళ్ల నాన్న ఆల్‌ఫ్రెడ్ కెర్ పేరున్న నాటక విమర్శకుడు, నాజీల మీద ధైర్యంగా రాసినవాడు. 1933 మార్చి ఎన్నికలకి ముందే, నీ పాస్‌పోర్టు లాక్కోబోతున్నారు అని ఆయనకి కబురొస్తే ఒళ్లు కాలిపోతున్న జ్వరంతోనే సరిహద్దు దాటి వెళ్లిపోయాడు, కొద్దిరోజులకే తల్లి ఇద్దరు పిల్లల్ని తీసుకుని స్విట్జర్లాండ్ చేరింది. అదే ఏడాది మే నెలలో బెర్లిన్‌లో తగలబెట్టిన పుస్తకాల్లో ఆయనవీ ఉన్నాయి. ఆ పాప పెద్దయి, పెళ్లయి, లండన్‌లో ఉండగా తన కొడుకుని 'ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్' సినిమాకి తీసుకెళ్తే, అమ్మ చిన్నప్పుడు ఎలా ఉండేదో ఇప్పుడు తెలిసింది అన్నాడట ఆ పిల్లాడు. కొండల మీద పాటలు పాడుకుంటూ తప్పించుకోవడం! అది కాదురా నాన్నా అని చెప్పడానికే ఆమె ఈ పుస్తకం రాసింది, 1971లో వచ్చింది.

పేరులో ఉన్న గులాబీరంగు కుందేలు అన్నా బొమ్మ. సామాన్లలో ఒక్క బొమ్మకే చోటుంటుంది. పాత కుందేలుకి గాజు కళ్లు ఎప్పుడో ఊడిపోతే వాటి బదులు నల్ల ఉన్నితో కుట్టి ఉంటాయి, ఒళ్లంతా నలిగిపోయి ఉంటుంది. కొత్తగా వచ్చిన కుక్కపిల్ల బొమ్మ ఇంకా సరిగ్గా ఆడుకోనే లేదు. అన్నా కొత్తదే తీసుకుంటుంది, ఎలాగూ కొన్నాళ్లకి తిరిగొస్తాం కదా అనుకుని. తిరిగి రారు. ఇంట్లో సామానంతా నాజీలు జప్తు చేశారని తెలిసినప్పుడు, ఇప్పుడు హిట్లర్ నా కుందేలుతో ఆడుకుంటూ ఉంటాడు అనుకుంటుంది. దేశం పోయింది, ఇల్లు పోయింది, భాష పోయింది, నాన్న సంపాదన పోయింది. ఆ పిల్ల మాత్రం తప్పు బొమ్మని ఎంచుకున్నానని కుమిలిపోతుంది.

ఇంకోచోట నాన్న తలకి వెయ్యి మార్కులు వెల కట్టారని అన్నా వింటుంది. అంటే ఏంటో తెలియదు. ఆ రాత్రి నాన్న తల మీద పైనుంచి నాణేలు కుప్పలుగా రాలి పడుతున్నట్టు, ఆయన వాటి కింద కూరుకుపోతున్నట్టు ఊహించుకుని వణికిపోతుంది. మన భాషలోనూ తలకి వెల కట్టడం అనే అంటాం కాబట్టి మా అమ్మాయికి ఆ పేజీ తెలుగులో చెప్తే ఇంకా బాగా అందింది. ఎవరో పట్టిస్తారేమో అన్న భయం కంటే ఆ నాణేల బరువే ఎక్కువ భయపెట్టింది దాన్ని. పాప అర్థం చేసుకున్నది తప్పు, పాప భయం మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం.

ఇది చదువుతుంటే మా చిన్నమ్మమ్మ గుర్తొచ్చింది, అంటే మా అమ్మమ్మ చెల్లెలు. వాళ్లది భీమిలి వైపు. ఉత్తరాంధ్ర నుంచి ఎంతోమంది వెళ్లినట్టే వాళ్ల నాన్న కూడా రంగూన్ వెళ్లి బియ్యం మిల్లులో పని చేశాడు, ఈవిడ అక్కడే పుట్టింది. 1941 డిసెంబరులో జపాన్ వాళ్లు రంగూన్ మీద బాంబులు వేశాక లక్షలమంది మనవాళ్లు బర్మా వదిలి వచ్చారు, చాలామంది కొండలు, అడవులు పడి కాలినడకనే. వాళ్లని యూదుల్లాగా పట్టుకుని చంపడానికి ఎవరూ వెంటపడలేదు, రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు, అది నాకు తెలుసు. నేను చెప్తున్నది పిల్లల జ్ఞాపకం గురించి. ఏడేళ్ల పిల్లగా అంత దూరం నడిచి వచ్చిన ఆవిడ మాకు ఎప్పుడూ చెప్పింది ఒక్కటే: రంగూన్ ఇంట్లో కిటికీ గూట్లో గచ్చకాయల డబ్బా మర్చిపోయి వచ్చేశాను అని. బిస్కెట్ల రేకు డబ్బా, మూత మీద గుర్రం బొమ్మ. డెబ్బై ఏళ్లు వచ్చాక కూడా ఆ గుర్రం ఏ రంగో చెప్పేది. దారిలో ఏం చూశావు చిన్నమ్మమ్మా అని అడిగితే, "ఏటి చూస్తాను, మా నాన్న కండువా నా మొహం మీద కప్పీసేవోడు" అనేది. ఎందుకు కప్పేవాడో మాకు పెద్దయ్యాక గానీ తట్టలేదు.

పిల్లల కళ్లతో రాయడం అంటే నాకు ఆ కండువా గుర్తొస్తుంది. కండువా వెనక ఏముందో రచయితకి తెలుసు, పెద్దవాళ్లకి తెలుసు, పాపకి కనిపించేది కండువా అల్లిక మాత్రమే. ఆ అల్లిక ఎంత నిజంగా రాస్తే వెనకున్నది అంత బలంగా తెలుస్తుంది.

ఈ విషయంలో నాకు అన్నిటికన్నా నచ్చిన పుస్తకం లోయిస్ లోరీ రాసిన 'నంబర్ ది స్టార్స్'. 1989లో వచ్చింది, మరుసటి ఏడాది అమెరికాలో పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబెరీ మెడల్ అందుకుంది. 1943, జర్మన్ల ఆక్రమణలో ఉన్న డెన్మార్క్, రాజధాని కోపెన్‌హాగన్. పదేళ్ల ఆనెమరీ, ఆమె ప్రాణ స్నేహితురాలు ఎలెన్, అదే బిల్డింగులో ఉండే యూదుల అమ్మాయి. ఆనెమరీ చెల్లెలు కిర్‌స్టీకి ఐదేళ్లు. తోలు దొరకని రోజులు, అందుకని కిర్‌స్టీకి చేప చర్మంతో చేసిన బూట్లు కొనిస్తే అసహ్యమని ఏడుస్తుంది, ఎలెన్ వాళ్ల నాన్న దగ్గర సిరా ఉంది, నల్లరంగు వేసిస్తారులే అని సముదాయిస్తారు. ఆ పిల్ల పుట్టినరోజు రాత్రి ఆకాశం ఎర్రగా వెలిగిపోతే, నీ కోసమే టపాకాయలు కాలుస్తున్నారు అని వాళ్లమ్మ చెప్తుంది. నిజానికి ఆ ఆగస్టులో డెన్మార్క్ నౌకాదళం తన ఓడలు జర్మన్లకి దక్కకూడదని తనే పేల్చేసుకుంది. కిర్‌స్టీ ఆ టపాకాయల సంగతి అందరికీ గొప్పగా చెప్పుకుంటూ తిరుగుతుంది. అది విని ఆనెమరీ ఏమీ అనదు. పదేళ్ల పిల్ల ఐదేళ్ల పిల్ల కళ్ల మీద కండువా కప్పుతోంది అన్నమాట.

తర్వాత యూదుల్ని పట్టుకెళ్లడానికి సైనికులు వస్తారు. ఎలెన్ ఆ రాత్రి వీళ్లింట్లో, చనిపోయిన పెద్దక్క పేరుతో పడుకుని ఉంటుంది. బూట్ల చప్పుడు గది దాకా వచ్చేసింది, ఎలెన్ మెడలో యూదుల గుర్తయిన ఆరు కోణాల నక్షత్రం గొలుసు, కొక్కెం రావడం లేదు. ఆనెమరీ ఒక్క లాగు లాగి తెంపేసి గుప్పిట్లో పెట్టుకుంటుంది. సైనికులు వెళ్లిపోయాక వేళ్లు విప్పి చూసుకుంటే అరచేతిలో నక్షత్రం ముద్ర పడి ఉంటుంది. మా అమ్మాయి ఇది చదివాక తన గొలుసులోని లాకెట్‌ని గుప్పిట్లో బిగించి పట్టుకుని చూసుకుంది. నేను చెప్పలేదు, తనంతట తనే.

ఆ పుస్తకంలో హెన్రిక్ మామయ్య చేపల పడవవాడు. అన్నీ తెలియకపోతేనే ధైర్యంగా ఉండటం తేలిక అంటాడు ఆనెమరీతో. కథంతా ఆ మాట చుట్టూనే తిరుగుతుంది. ఇంట్లో శవపేటిక పెడతారు, ఎవరో ముసలి అత్త పోయిందంటారు, అలాంటి అత్తే లేదని ఆనెమరీ పట్టేస్తుంది. మామయ్య నిజం చెప్పేస్తాడు. కాసేపటికి ఎలెన్ వచ్చినప్పుడు మాత్రం ఆనెమరీ ఆ నిజం ఎలెన్‌కి చెప్పదు, తనని ఎలా కాపాడారో తనూ అలాగే కాపాడాలి కాబట్టి. ఇక చివర్లో, బ్రెడ్డు, జున్ను కింద దాచిన ఒక చిన్న పొట్లాన్ని బుట్టలో పెట్టుకుని తెల్లవారుజామున అడవిదారిన పడవ దగ్గరికి పరిగెడుతుంది. కుక్కలతో సైనికులు ఆపుతారు. అప్పుడు ఆ పిల్ల చేసే పని చూడండి: కిర్‌స్టీ అయితే ఇప్పుడు ఎలా మాట్లాడేదో గుర్తు చేసుకుని అచ్చం అలాగే, ఏమీ తెలియని వెర్రిపిల్లలా వాగుతుంది, ఏడుస్తుంది. తెలియనితనాన్నే వేషంగా వేసుకుంటుంది. అంటే ఆ క్షణానికి ఆమె చిన్నపిల్ల కాదు.

పొట్లంలో ఉన్నది ఉత్త చేతిరుమాలు. అందులో ఎండబెట్టిన రక్తం, కొకైన్ కలిపిన పొడి, పడవల్లో దాక్కున్న మనుషుల్ని కుక్కలు పసిగట్టకుండా వాటి ముక్కుల్ని మొద్దుబార్చడానికి. ఇది కల్పన కాదు, నిజంగానే వాడారని లోరీ పుస్తకం చివర రాసింది. 1943 అక్టోబరులో డెన్మార్క్ మత్స్యకారులు, మామూలు జనం కలిసి 7 వేలకు పైగా యూదుల్ని పడవల్లో స్వీడన్ దాటించారు.

ఇప్పుడు నా బాధ చెప్తాను. మా అమ్మాయి వాళ్ల స్కూల్లో పెద్ద క్లాసు పిల్లలకి 'ది బాయ్ ఇన్ ది స్ట్రైప్డ్ పైజామాస్' సినిమా వేశారు. మా అక్క కొడుకు ఆ క్లాసులోనే ఉన్నాడు, ఇంటికొచ్చి రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. ఇది నిజంగా జరిగిన కథ అని టీచర్ చెప్పారట. నిజంగా జరిగింది కాదు అది. జాన్ బోయిన్ 2006లో రాసిన నవల నుంచి తీసిన సినిమా. అందులో బ్రూనో అనే తొమ్మిదేళ్ల పిల్లాడు, నాజీ ఆఫీసర్ కొడుకు, క్యాంపు కంచె అవతల ఉన్న యూదు పిల్లాడితో రోజూ కూర్చుని కబుర్లు చెప్పుకుంటాడు. చివరికి కంచె కింద నుంచి దూరి లోపలికి వెళ్తాడు, ఇద్దరూ గ్యాస్ చాంబర్‌లో చనిపోతారు. లక్షలమంది పిల్లలు చదివారు, ఏడ్చారు. నేనూ మొదటిసారి ఏడ్చాను, అది దాచను.

కానీ ఆ నవల జరిగే నాజీ క్యాంపు ఆష్విట్జ్‌లో నిజంగా ఏం జరిగిందో చూడండి. అక్కడికి దాదాపు 2 లక్షల 32 వేల మంది పిల్లల్ని, పద్దెనిమిది నిండనివాళ్లని తీసుకెళ్లారు, వాళ్లలో ఇంచుమించు 2 లక్షల 16 వేల మంది యూదులు. చిన్నపిల్లల్ని, పని చేయలేరు కాబట్టి, చాలావరకు రైలు దిగిన రోజే చంపేసేవాళ్లు. నెలల తరబడి కంచె దగ్గర ఒంటరిగా కూర్చుని కబుర్లు చెప్పే తొమ్మిదేళ్ల పిల్లాడు అక్కడ ఎలా ఉంటాడు? కరెంటు పారే కంచె కింద నుంచి దూరి వెళ్లడం ఎలా? 2020 జనవరిలో ఆష్విట్జ్ మ్యూజియమే, ఈ చరిత్ర చదివేవాళ్లు, చెప్పేవాళ్లు ఈ పుస్తకం జోలికి పోకపోవడం మంచిదని చెప్పింది. దాని మీద పెద్ద చర్చే జరిగింది. అది కథ, పాఠ్యపుస్తకం కాదు అన్నవాళ్లూ ఉన్నారు. కథే. నిజమని చెప్పి చూపించారు కదా, అక్కడ నాకు కడుపు మండింది.

ఇంకా లోతుగా బాధపెట్టే విషయం వేరే ఉంది. మా అక్క కొడుకుని, నీకు ఎవరి మీద జాలేసింది అని అడిగాను. "బ్రూనో వాళ్ల అమ్మ మీద పిన్నీ" అన్నాడు. వాడి తప్పేమీ లేదు, సినిమా మనల్ని అటే నడిపిస్తుంది. ఆఫీసర్ కొడుకు పొరపాటున పోయాడు కాబట్టి అది ఘోరం, అవతలి పిల్లాడు పోవడం మాత్రం ఎలాగూ జరిగేదే అన్నట్టు.

పైగా బ్రూనోకి ఏమీ తెలియదు. యూదులంటే ఎవరో తెలియదు, హిట్లర్‌ని పిలిచే 'ఫ్యూరర్' అన్న మాట కూడా సరిగ్గా పలకలేడు. నాజీ పెద్దాఫీసర్ ఇంట్లో, బెర్లిన్ స్కూల్లో చదివిన పిల్లాడికి తెలియకపోవడమా? అక్కడ పిల్లలకి చెప్పకుండా ఎవరూ దాచలేదు, పనిగట్టుకుని నేర్పారు. 1938లో యూలియస్ స్ట్రైకర్ అనే నాజీ తన పబ్లిషింగ్ సంస్థ నుంచి 'డేర్ గిఫ్ట్‌పిల్జ్' అని పిల్లల బొమ్మల పుస్తకం వేశాడు, అంటే విషపు పుట్టగొడుగు. ఒక తల్లి కొడుకుని వెంటబెట్టుకుని అడవిలో పుట్టగొడుగులు ఏరడానికి వెళ్తుంది. ఇవి తినేవి, ఇవి విషపువి, చూడటానికి ఒకేలా ఉంటాయి అని చూపిస్తూ చూపిస్తూ, మనుషుల్లో కూడా అంతే, యూదులు అలాంటివాళ్లు అని చెప్తుంది. చేతిలో బుట్ట, పక్కన కొడుకు, చెట్లు, ఎంతో ప్రేమగా ఉండే అమ్మ. అమ్మలు పిల్లలకి లోకం చూపించినట్టే చూపిస్తుంది. ఆ స్ట్రైకర్‌ని యుద్ధం అయ్యాక నురెంబర్గ్ కోర్టు తీర్పుతో 1946లో ఉరి తీశారు, అతను రాసి, అచ్చు వేయించి నూరిపోసిన ద్వేషానికి.

ఆ పుట్టగొడుగుల బొమ్మ చూశాక నేను పిల్లల పుస్తకాల గురించి ఇంతకుముందులా ఆలోచించలేకపోతున్నాను. పిల్లలకి ఇవన్నీ ఎందుకు అని మనం అనుకుంటూ ఉండగానే వాళ్లకి ఇంకెవరో వేరే కథ చెప్పేస్తూ ఉంటారు. అప్పుడు పుస్తకాల్లో చెప్పారు, ఇప్పుడు ఫార్వర్డ్ మెసేజ్‌ల్లో చెప్తారు. ఎవరితో ఆడకూడదో, ఎవరింట్లో తినకూడదో అనే మాటలు పిల్లలకి ఐదేళ్లకే చెవిన పడతాయి.

కథలో పాపకి తెలియకపోతే తెలియకపోనివ్వండి. అన్నాకి నాణేల సంగతి తెలియదు, కిర్‌స్టీకి టపాకాయల సంగతి తెలియదు. కానీ వాళ్లకి ఎందుకు తెలియదో, ఎవరు దాచారో, దాచినవాళ్ల గుండెలు ఎలా కొట్టుకుంటున్నాయో ఆ పుస్తకాల్లో ఉంది. బ్రూనోకి తెలియకపోవడం మాత్రం మనల్ని ఏడిపించడానికి అవసరమైంది కాబట్టి పెట్టింది.

అసలు వేటాడబడ్డ పిల్లలకి ఎంత తెలుసో చూడాలంటే యూరి ఓర్లెవ్ 'ది ఐలాండ్ ఆన్ బర్డ్ స్ట్రీట్' చదవాలి. హిబ్రూలో 1981లో రాశాడు, తనే చిన్నప్పుడు పోలండ్‌లో యూదుల్ని గోడల మధ్య బంధించిన వార్సా ఘెట్టోలో దాక్కుని, తర్వాత బెర్గెన్-బెల్సెన్ క్యాంపులో ఉండి బయటపడ్డవాడు. కథలో పదకొండేళ్ల అలెక్స్ కూలిపోయిన ఒక బిల్డింగులో, మెట్లు లేని పై అంతస్తులో తాడు నిచ్చెన వేసుకుని, జేబులో తెల్ల ఎలుకతో, నాన్న వస్తాడని నెలల తరబడి ఎదురుచూస్తాడు. వాడి దగ్గర పిస్తోలు కూడా ఉంటుంది. మా అమ్మాయికి ఇంకో రెండేళ్లు ఆగి ఇస్తాను, అటకమీద దాచలేదు, అలమరలో పైవరసలో పెట్టాను, అందుకుంటే అందుకోనీ.

అక్క కొడుకుతో ఒక ఆదివారం కూర్చున్నాను. సినిమా తప్పని తిట్టలేదు, పిల్లాడు నిజంగా ఏడ్చిన ఏడుపుని నేనెందుకు తీసిపారేయాలి. ఆ అవతలి పిల్లాడికి అమ్మ ఉందా, వాళ్లది ఏ ఊరు, వాళ్లింట్లో ఏ బొమ్మ మిగిలిపోయి ఉంటుంది అని అడిగాను. సినిమాలో వాటికి వాడికి జవాబులు దొరకలేదు. కాసేపు ఊరుకుని, అయితే నాకు ఆ కుందేలు పుస్తకం ఇవ్వు అన్నాడు. మా అమ్మాయి ఇవ్వనంది, ఇంకా పన్నెండు పేజీలున్నాయట.

నిన్న అది పూర్తిచేసింది. అన్నా వాళ్లు పారిస్ నుంచి కూడా కదిలి లండన్‌లో రైలు దిగుతారు. ఇంకో దేశం, ఇంకో భాష. "మళ్లీ మొదట్నుంచీ నేర్చుకోవాలా?" అని అడిగింది. అవును అన్నాను. తర్వాత లండన్ మీద బాంబులు పడే రోజుల కథ రెండో భాగంలో ఉంది, అన్నా అప్పటికి పెద్దదవుతుంది. ఆర్డర్ పెట్టాను, గురువారం వస్తుందట. ఈలోగా మా అమ్మకి ఫోన్ చేసి, చిన్నమ్మమ్మ డబ్బా మీది గుర్రం ఏ రంగు అని అడిగి కనుక్కుంది. తెల్లగుర్రం, ఎర్ర జీను.